వాగు ఒడ్డున తాళంచెవి

కండక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మహారాష్ట్ర అంచున ఉన్న సిరోంచలో మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు తెలుసుకోవలసినవి రెండే ఉంటాయి. తాగి ఎక్కినవాణ్ణి ఎలా దించాలి? మాట వినని డ్రైవరుతో ఎలా వేగాలి? మొదటిదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రెండోదానికి మాత్రం ఒక గ్రీకు కథ చెబుతాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రిటైరయ్యాక ముసలాయనకు పుస్తకాల పిచ్చి పట్టిందని అనుకుంటారు కాబోలు. అది తప్పు. ఆ పిచ్చి డ్యూటీలో ఉన్నప్పుడే పట్టింది.

నేను పదో తరగతి తప్పాను. బడిలో చదివింది మరాఠీ, ఇంట్లో మాట్లాడింది తెలుగు. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక, గోదావరి అవతలి తెలుగు ఊళ్ల నుంచి తెప్పించుకున్న ఒకటో తరగతి వాచకం పెట్టుకుని నేర్చుకున్నాను. మిగతా చదువంతా రేకుల కప్పున్న ఒక వాచనాలయంలో జరిగింది. అక్కడి బల్లలు కుంటివి, ఫ్యాను వానాకాలంలో మాత్రమే తిరిగేది. అయినా ఆ గదిలో కూర్చుని నేను రోము తగలబడటం చూశాను, నక్షత్రాల దూరాలు తెలుసుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. డిగ్రీ చదివినవాళ్లకు ఎవరో ఒకరు పుస్తకం చేతికిచ్చి ఉంటారు. నా పుస్తకాలు నేనే వెతుక్కున్నాను.

అలా వెతుకుతుంటే గ్రీకుల పాత వీరగాథల మరాఠీ అనువాదం ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయింది. ముందుమాటలో ఒక గుండ్రం గీసి ఉంది. గుండ్రం పైన ఇల్లు. వీరుడికి ఎక్కడి నుంచో పిలుపు వస్తుంది. మొదట వెనకాడతాడు, తర్వాత గడప దాటుతాడు. దారిలో ఎవరో ఒకరు సాయం చేస్తారు. పరీక్షలు ఎదురవుతాయి. చచ్చినవాళ్ల లోకం దాకా దిగిపోతాడు, అక్కడ ఒక ఎరుక సంపాదించుకుంటాడు, తిరిగి ఇల్లు చేరతాడు. ప్రపంచంలో వీరుల కథలన్నీ ఇంచుమించు ఈ గుండ్రంలోనే తిరుగుతాయని పండితుల మాట. పెర్మిలి నుంచి సిరోంచ, సిరోంచ నుంచి పెర్మిలి. మా బస్సు కూడా గుండ్రమే తిరిగేది గనుక ఆ బొమ్మ నాకు వెంటనే నచ్చింది.

కానీ గాథ చదువుతూ పోతే అది గుండ్రంలో ఒదగలేదు. అందుకే నాకు మరింత నచ్చింది. యుద్ధం ముగిశాక ఏళ్ల తరబడి సముద్రం మీద తిరిగిన ఓడ నాయకుడి కథ అది. కథ అతనితో మొదలవదు. ఇంటి దగ్గర తండ్రి కోసం ఎదురుచూసే కొడుకుతో మొదలవుతుంది. వీరుడు మొదటిసారి కనిపించినప్పుడు కత్తి తిప్పుతూ కనిపించడు, ఒక దీవి ఒడ్డున కూర్చుని ఇల్లు తలుచుకుని ఏడుస్తుంటాడు. తన కష్టాలు ఎక్కువ భాగం తన నోటితోనే, పరాయి రాజు ఇంట్లో భోజనాలయ్యాక చెబుతాడు. అన్నిటికంటే ఆశ్చర్యం, సొంత నేల మీద కాలు పెట్టాక కూడా సగం కథ మిగిలే ఉంటుంది. ఊరు చేరడం ఒక పని, ఊళ్లోవాళ్లు గుర్తుపట్టేలా చేరడం ఇంకో పని. అక్షరం రాని గాయకులు నోటితో పాడి నిలబెట్టిన గాథ అని ముందుమాటలో ఉంది. అక్షరం లేకుండానే మనిషి మనసును అంత లోతుకు చూసినవాళ్లకు ఆ రోజే మనసులో దండం పెట్టుకున్నాను.

ఇక మా డ్రైవరు గురించి. నాకంటే పెద్దవాడు, సిరోంచ దగ్గరి అంకిస ఊరి మనిషి. గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. తమ్ముడు నావ నడిపేవాడు, ఈయన బస్సు నడిపేవాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా వైపు డ్రైవర్లు కండక్టరును మాస్తర్ అని పిలుస్తారు. ఆయన పిలిస్తే బస్సు వెనక సీటులో నిద్రపోయేవాళ్లు కూడా లేచేవాళ్లు.

మా రూటులో అడవి మధ్య ఒక వాగు ఉండేది. దాని మీద వంతెన లేదు, నేలకు ఆనినట్టుండే సిమెంటు కాజ్‌వే ఉండేది. పైన ఎక్కడో వాన పడితే చాలు, నీళ్లు దాని మీది నుంచి పారేవి. కాజ్‌వే పక్కన ఒక రాయి ఉండేది. ఏటా వానలకు ముందు దానికి మా డ్రైవరే సున్నం పూసేవాడు. తెల్లరాయి కనిపిస్తే బండి దాటవచ్చు, మునిగితే ఆగాలి. ఇది ఏ సర్కారూ పెట్టిన నియమం కాదు, ఆయన పెట్టుకున్నది.

ఆయనతో నా మొదటి వానాకాలం అది. రాయి మునిగి ఉంది. ఆయన బండి ఆపి, తాళంచెవి ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

“మాస్తర్, గా రాయి కనవడేదాంక నాకియ్యకు. నేనడిగినా ఇయ్యకు. తిట్టినా ఇయ్యకు.”

“నీ బండి తాళం నాకెందుకన్నా? నీ దగ్గర్నే ఉంచుకో. దాటకుంటే అయిపాయె.”

“నా దగ్గరుంటే దాటుత. ఎనక కూసున్నోళ్లు పోదాం పోదాం అంటరు. జరసేపటికి నాకు సిగ్గనిపిస్తది. సిగ్గనిపిచ్చిందంటె కాలు పోయి ఎక్సిలేటర్ మీద పడ్తది.”

అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత రెండు వానాకాలాలు ఆ తాళం అలాగే నా టికెట్ల బ్యాగులోకి వచ్చేది, నీళ్లు తగ్గాక తిరిగి పోయేది.

ఆ గ్రీకు పుస్తకంలో పాటకత్తెల ఘట్టం చదివిన మర్నాడు నేను ఆగలేకపోయాను. టీ కోసం బండి ఆగినప్పుడు ఆయనకు కథ మొత్తం చెప్పాను. సముద్రం మధ్య ఒక దీవి మీద ఇద్దరు స్త్రీలు పాడుతుంటారు. విన్నవాడు ఇల్లు మరిచి అటే పోతాడు, అక్కడే ఎముకలవుతాడు. వీరుడు తన మనుషుల చెవుల్లో మైనం పెట్టి, తనను తెరచాప స్తంభానికి కట్టేయమంటాడు. విప్పమని నేను బతిమాలితే ఇంకా బిగించండి అంటాడు. పాట మొదలవగానే కనుబొమలతో సైగ చేసి విప్పమంటాడు. ఇద్దరు లేచి ఇంకా గట్టిగా బిగిస్తారు.

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. “వాడు గుడ డ్రైవరేనా మాస్తర్?”

“ఓడకు నాయకుడన్నా. డ్రైవరనే అనుకో.”

“మరి తన చెవుల్ల గుడ మైనం వెట్టుకుంటే అయిపోవు గద?”

“ఆయనకు ఇనాలని ఉండె.”

“గదీ మాట! నాకు గుడ దాటాలనే ఉంటది. లేకుంటే తాళం నీకెందుకిస్త?” అని తొడ చరిచాడు. “పెద్ద తెలివిగల్లోడు. చివరికి ఎంతమంది చేరిండ్రు ఇంటికి?”

“ఇంకా సదువలేదన్నా. పుస్తకం సగమే అయింది.”

“సదివి చెప్పు” అన్నాడు.

ఆ నెలలోనే ఆ రోజు వచ్చింది.

పొద్దున పెర్మిలిలో బయలుదేరినప్పుడు తుంపర మాత్రమే. మధ్యాహ్నానికి వాగు దగ్గరికి వచ్చేసరికి రాయి లేదు, ఎర్రనీళ్లు ఉన్నాయి. డ్రైవరు బండి ఆపి, రాయి కనపడేదాకా అడిగినా ఇయ్యకని ఎప్పటిలాగే అందరూ వినేలా చెప్పి, తాళం నాకిచ్చాడు. జనం దిగారు. నీళ్ల అంచున పుల్లలు పాతారు. పుల్ల మునిగితే వాగు పెరుగుతున్నట్టు, పొడినేల బయటపడితే తగ్గుతున్నట్టు. బస్సులో సిరోంచకు చెందిన బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నాడు, ఊళ్లలో మూట దింపుకుని అమ్ముకునేవాడు. కూర వండుకునే లేత వెదురు కొమ్ముల గంపతో ఒక గోండు ముసలమ్మ కూడా ఉంది. ఆమె గంప దించి, దాని పక్కనే కూర్చుని పొగాకు తీసింది. వాగు ఎప్పుడు తగ్గాలో వాగుకే తెలుసన్నట్టుంది ఆమె వాలకం.

దగ్గరలో ఒక మిట్ట ఉంది. ఆ మిట్ట ఎక్కితేనే ఫోను పలికేది. డ్రైవరు ఇంటికి మాట్లాడి వస్తానని ఎక్కాడు. దిగివచ్చేటప్పుడు నడక మారిపోయింది.

“మా తమ్ముడు నిన్న వల తియ్యవోయిండట గోదావరిల. నావ బోర్లవడి దొరికిందట. మనిషి దొరకలే. మరదలు ఏడుస్తున్నది.” చెయ్యి చాపాడు. “తాళం ఇయ్యి.”

“రాయి కనవడ్తలేదన్నా” అన్నాను.

“రాయి గీయి జాన్తా నై. ఇయ్యి.”

“నువ్వే చెప్పినవ్ గద...”

“అప్పుడు చెప్పిన. ఇప్పుడు అడుగుతున్న. నా తమ్ముడు మాస్తర్!”

అవతలి ఒడ్డున ఒక ట్రాక్టరు ఆగి ఉంది. దాని మీద ఉన్నవాళ్లకు విషయం తెలియదు, ఎరుగున్న డ్రైవరు కనిపించాడని హుషారు. “ఏందే అన్నా, ఆగినవ్? మోకాలి లోతు గుడ లేదు! ఈ రోడ్డు మీద నీ అసొంటి డ్రైవరున్నడా? నువ్వే భయపడితె ఇగ ఎవలు దాటుతరే!” అని అరుస్తున్నారు. నాకు ఆ దీవి పాట గుర్తొచ్చింది. గాథలో పాటకత్తెలు అందచందాల పాట పాడరు. వీరుణ్ణి పేరు పెట్టి పిలిచి, నీ అంతటివాడు లేడు, నీ యుద్ధం కథ మాకు తెలుసు, రా, అంటారు. మనిషిని ముంచే పాట అతని సొంత పొగడ్తే అని ఆ పాత గాయకులకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బట్టల వ్యాపారి నా మీద పడ్డాడు. “ఏం మనిషివయ్య నువ్వు? నీకు అన్నదమ్ములు లేరా? ఆయన బండి, ఆయన తాళం. మధ్యల నువ్వెవనివి?”

“దాటుతడు, మంచిగ దాటుతడు” అని ఇంకొందరు.

డ్రైవరు నా బ్యాగు పట్టీ పట్టుకున్నాడు. “ఈ బండి మీద ఎన్నడన్న స్టీరింగ్ పట్టినవా నువ్వు? పుస్తకాలు సదివి సదివి నీ గుండె బండైంది. నీ అసొంటోని చేతుల తాళం వెట్టిన సూడు, నా చెప్పుతోని నన్ను కొట్టుకోవాలె.”

మీకు ఒకటి చెప్పాలి. నా చెయ్యి బ్యాగులోకి పోయింది. తాళం వేళ్లకు తగిలింది కూడా. ఓడ మీది మనుషుల పని ఎంత తేలికో అప్పుడు అర్థమైంది. వాళ్ల చెవుల్లో మైనం ఉంది. వాళ్లు పాటా వినలేదు, నాయకుడి ఏడుపూ వినలేదు, అతని కనుబొమలు మాత్రం చూశారు. నేను ప్రతి మాటా విన్నాను. నాకు ఇష్టమైన మనిషి, తమ్ముడి కోసం నన్ను బతిమాలుతుంటే విన్నాను.

ముసలమ్మ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. తనకొచ్చిన తెలుగులో, “నువ్వే ఇచ్చినవ్ గద కొడుకా” అంది. “ఇయ్యకు అన్నవ్. మేం ఇన్నం.”

పట్టీ మీద చెయ్యి వదులైంది. ఆయన ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. చెప్పులు విడిచి, నేరుగా నీళ్లలోకి నడిచాడు.

నాకంటే ముందు పరిగెత్తింది ఆ బట్టల వ్యాపారే. అప్పటిదాకా నన్ను తిట్టిన మనిషి, మోకాలి లోతులో డ్రైవరు నడుము వాటేసుకున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఈడ్చుకొచ్చాం. ఒడ్డు మీద వ్యాపారి మూట విప్పి, కొత్త తువ్వాలు ఒకటి చింపి, తన మణికట్టును డ్రైవరు మణికట్టుకు కట్టేశాడు.

“ఇగ పో. పోతె ఇద్దరం పోదాం. నాకు ఈత రాదు, ముందే చెప్తున్న.”

ఎవరో నవ్వారు. డ్రైవరు ఆ తువ్వాలు వైపు చూసి నేల మీద కూలబడ్డాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. వ్యాపారి చెయ్యి కట్టి ఉంది కాబట్టి తానూ పక్కన కూర్చోక తప్పలేదు. పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నాడు. దగ్గరి పల్లె వాళ్లు వచ్చి మమ్మల్ని బడిలోకి తీసుకుపోయారు. మీరెవరు, ఎక్కడివాళ్లని ఒక్కరూ అడగలేదు. ముందు కాళ్లకు నీళ్లిచ్చారు, తర్వాత వేడన్నం పెట్టారు, అందరూ తిన్నాకే ఊర్లు అడిగారు. గ్రీకుల గాథలో కూడా మర్యాదస్తుల ఇంట ఇదే వరస. పరాయివాడికి తిండి పెట్టకుండా పేరు అడగరు. పుస్తకంలో చదివి మెచ్చుకున్నది మా అడవిలోనే ఉందని ఆ పూట అన్నం ముద్ద పట్టుకుని గ్రహించాను. డ్రైవరు మాత్రం ముద్ద ముట్టలేదు.

పొద్దున రాయి కనిపించింది. తాళం ఇచ్చాను. నా మొహం చూడకుండా తీసుకున్నాడు. కాజ్‌వే చెక్కుచెదరలేదు. ఒడ్డున పాతిన పుల్లలు చూస్తే, నీళ్లు మేం ఆగినప్పటికంటే పెద్దగా పెరగనే లేదు. నిన్న దాటి ఉంటే బహుశా దాటేవాళ్లమే. ఈ సంగతి దాచను. కొట్టుకుపోయిన రోడ్డు ఒకటి చూపించి నేను చేసిందే ఒప్పని చెప్పగలిగితే కథ బాగుండేది, కానీ రోడ్డు బాగానే ఉంది. సిరోంచ చేరేదాకా ఆ ఆలోచన నన్ను తింటూనే ఉంది.

సిరోంచలో బట్టల వ్యాపారి మూట దింపకుండానే తన మోటార్‌సైకిలు తెచ్చి ఇచ్చాడు. నేను నడిపాను, డ్రైవరు వెనక కూర్చున్నాడు. అంకిసలో వాళ్ల వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. గుమ్మం పక్కన ఎవరో మెరుపుల చొక్కా వేసుకున్న మనిషి, అటు తిరిగి కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. డ్రైవరు బండి దిగి, నేరుగా పోయి అతణ్ణే అడిగాడు.

“మా తమ్ముని సంగతి ఏమన్న తెలిసిందా?”

అతను తిరిగాడు. “నేనే గదనే!”

నావ తిరగబడితే దుంగ పట్టుకుని కొట్టుకుపోయి అవతలి ఒడ్డున తేలాడట. అక్కడి వాళ్లు గంజి తాగించి, తడిబట్టలు విప్పించి, ఇంట్లో ఉన్న పెళ్లి చొక్కా తొడిగి పంపారట. గోదావరి వంతెన మీదుగా చుట్టు తిరిగి, మాకంటే ముందే ఇల్లు చేరాడు. లోపలి నుంచి అతని భార్య గొంతు వినిపించింది. “ముందు గా చొక్కా ఇప్పమనుర్రి బావా! చచ్చి బతికొచ్చి పెండ్లికొడుకు లెక్క కూసున్నడు.” అందరూ నవ్వారు, ఆమె మాత్రం ఏడుస్తూనే ఉంది. ఆ గాథలో వీరుడు కూడా పరాయి బట్టల్లో వస్తాడు, సొంత ఇంట్లోనే మొదట మనుషులెవరూ గుర్తుపట్టరు. ముందుమాటలోని గుండ్రం మొత్తం తిరిగి వచ్చినవాడు ఎవరంటే, ఆ వల అల్లే మనిషే. మేం వాగు ఒడ్డున కూర్చున్నవాళ్లం మాత్రమే.

డ్రైవరు తమ్ముడి తల పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను బండి తిప్పుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన నాతో డ్యూటీ మాటలు తప్ప మాట్లాడలేదు. డబల్ బెల్ కొడితే బండి తీసేవాడు, కొట్టకపోతే లేదు. టీ ఆయన ఒక బెంచి మీద, నేను ఇంకో బెంచి మీద. డిపోలో ఇంకో కండక్టరును ఇమ్మని అడిగి ఉంటాడని, ఈసారి వాగు వస్తే తాళం ఇంకొకరి బ్యాగులోకి పోతుందని అనుకున్నాను. అలా అయినా తప్పుపట్టేవాణ్ణి కాదు. ఖాళీ దొరికినప్పుడల్లా పుస్తకం చదువుకున్నాను, పూర్తి చేశాను.

వానాకాలం ముగిసేలోపు వాగు మళ్లీ వచ్చింది. రాయి మునిగింది. ఆయన బండి ఆపాడు. ఇంజను ఆగింది. వెనక్కి తిరగకుండానే, తాళంచెవి ఉన్న చెయ్యి నా వైపు చాపాడు.

నేను వెంటనే అందుకోలేదు. “అన్నా, ఆ రోజు రోడ్డు మంచిగనే ఉండె. దాటేటోళ్లం.”

“దాటేటోళ్లమే” అన్నాడు. “నువ్వు ఆ రోజు ఇచ్చి ఉంటే, ఇయ్యాల నీకెందుకిస్త? పట్టు.”

పట్టుకున్నాను. టికెట్ల బ్యాగులో వేసుకున్నాను. వెనక ఎవరో పోదాం పోదాం అంటున్నారు.

“మాస్తర్, గా ఓడ డ్రైవరు సంగతి చెప్పనే లేదు. ఎంతమంది చేరిండ్రు?”

“ఒక్కడే అన్నా. మనుషులందరు దారిల పోయిండ్రు. కొందరు వాళ్ల తప్పుతోని, కొందరు ఈయన తప్పుతోని. గాథ మొదట్లనే ఆ దుఃఖం చెప్తరు, ఎంత తండ్లాడినా తన తోటోళ్లను కాపాడుకోలేకపోయిండని.”

ఆయన అద్దంలోకి చూశాడు. వెనక సీట్లలో జనం, గంపలు, నిద్రపోయే పిల్లలు.

“పాపం” అన్నాడు. “ఖాళీ బండి తోలుకపోయిండన్నట్టు ఇంటికి.”

పండితులు ఎంత రాసినా ఆ గాథ గురించి అంతకంటే గొప్ప మాట నేను ఎక్కడా చదవలేదు.

కొంతసేపటికి నీళ్లలో తెల్లగా ఏదో మెరిసింది. ముందు సున్నపు అంచు, తర్వాత రాయి. ఆయన చెయ్యి చాపాడు, తాళం ఇచ్చాను. ఎవరైనా కింద ఉండిపోయారేమోనని ఒకసారి దిగి చూసి, ఎక్కి, డబల్ బెల్ కొట్టాను.